స్వయంగా తెలిసిన కుటుంబం

చెప్పులు రెండూ సముద్రం వైపు ముఖం పెట్టి, ఎవరో కొలిచి పెట్టినట్టు పక్కపక్కనే ఉన్నాయి. ఆకుపచ్చ పట్టీలవి. కుడి చెప్పు మడమ దగ్గర అరిగింది. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టారు. తాడు పక్కన ఒక కానిస్టేబులు గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

బెన్హర్ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని వాటిని చూస్తున్నాడు. బుధవారం, పొద్దున్న పదింబావు. కళింగపట్నం లైటుహౌసుకి అవతల, పడవలు లాగిపెట్టే చోటికి ఇవతల.

"ముందు ఎవరు చూశారు?"

"వలలోళ్లండి. అయిదున్నరకి. మాకు ఫోను ఆరింటికి వచ్చినాది," అన్నాడు కానిస్టేబులు.

"కదిపారా?"

"నేదండి. సీఐ గారు వచ్చేవరకు ఏదీ ముట్టుకోవద్దన్నారు. తమరు కూడా ముట్టుకోకండి."

"ముట్టుకోను. రాత్రి పోటు ఎన్నింటికి?"

"రెండు, రెండున్నర. మాది ఈ ఊరేనండి, నాకు తెలుసు."

బెన్హర్ తల తిప్పి వెనక్కి చూశాడు. రాత్రి పోటు వదిలిపెట్టి వెళ్లిన చెత్త, నాచూ కొబ్బరిపీచూ విరిగిన గవ్వలూ, ఒడ్డు పొడుగునా గీత గీసినట్టు పడి ఉంది. ఆ గీత చెప్పులకి పదడుగుల ఎగువన ఉంది. అంటే రెండున్నరకి ఈ చోటు నీళ్లలో ఉంది. చెప్పులు మాత్రం పొడిగా ఉన్నాయి. అతను నేలకి చెవి ఆనించినంత కిందికి వంగాడు. ఎడమ చెప్పు పట్టీ లోపల, ఉప్పుతో అంటుకుపోయిన చేప పొలుసు ఒకటి తళుక్కుమంది.

అతను ఆ సంగతి కానిస్టేబులుకి చెప్పలేదు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

కాస్త దూరంలో సత్యవతి నిలబడి ఉంది. అరవై దగ్గర పడిన మనిషి. ఇక్కడి మిషను స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. ఒకప్పుడు విజయనగరంలో, బాప్టిస్టు చర్చిలో సండేస్కూలు నడిపినప్పుడు, ఎనిమిదేళ్ల బెన్హర్‌కి వాక్యాలు కంఠతా పట్టించింది ఆమే. ఈ పొద్దున్న ఏడింటికి ఫోన్ చేసింది. "నువ్వు వెంటనే రా బెన్హరూ. మా కుట్టు టీచరు కనబడటం లేదు. నిన్న మొగుడొచ్చి తలుపులు బాదాడు. పోలీసులు చావు కింద రాసేస్తున్నారు. షాలిని అని పిలుస్తాం గాని అసలు పేరు రాజకుమారి. బొబ్బిలి అవతల రైసుమిల్లు వాళ్ల కోడలు. పద్నాలుగు నెలలుగా నేనే దాచాను."

ఆ పేరూ ఆ ఊరూ బెన్హర్‌కి అప్పటికే తెలుసు. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. చొక్కా వేసుకునే ముందు, పళ్లు తోముకునే ముందు, ఫేస్‌బుక్ తెరిచి తన పేజీలో శుక్రవారం నాటి పోస్టు ఒకటి తీసేశాడు. అప్పుడు ఏడు గంటల పన్నెండు నిమిషాలు. సాక్ష్యం చెరిపేసిన వాళ్లని ఎంతమందిని పట్టుకున్నాడో అతనికే లెక్క తెలీదు. అలాంటి వాళ్ల కళ్లు ఎలా ఉంటాయో అద్దంలో చూసుకుంటే తెలిసింది.

బెన్హర్ పన్నెండేళ్లు పోలీసుల్లో చేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా మానేసి, విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర రెండు గదుల్లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబులు. అబ్బాయి ఉద్యోగం నిజమేనా, తాగుతాడా, ఇంతకు ముందు ఎక్కడైనా సంసారం ఉందా. మూడు చోట్ల విచారించనిదే బెన్హర్ ఒక్క ముక్క రాసివ్వడని పేరు.

"మీ కుట్టు టీచరు మొగుడు నిన్న ఎన్నింటికి వచ్చాడు టీచరమ్మా?"

"ఏడింటికి. తెల్ల కారులో. నేను సాయంత్రం ప్రార్థనలో ఉన్నాను. తలుపులు బాదుతున్నాడని కబురొచ్చి వెళ్లేసరికి ఏడున్నర. కారు లేదు. పిల్లా లేదు."

"ఇక్కడుందని అతనికి ఎవరు చెప్పుంటారు?"

"అదే కనిపెట్టడానికి నిన్ను పిలిచాను. ఫేస్‌బుక్‌లో ఏదో పెట్టాడటగా. నేను అవి చూడను. తల్లి కోసం బిడ్డ ఏడుస్తోందని పెట్టాడట."

బెన్హర్ ఇసక వైపు చూస్తూ అడిగాడు. "మరి బిడ్డని అక్కడే వదిలేసి వచ్చిందా ఆమె?"

సత్యవతి అతని ముఖంలోకి చూసింది. "ఆ పిల్లకి బిడ్డే లేదు బెన్హరూ. ఆరో నెలలో కడుపు మీద తన్నాడు. ఆసుపత్రిలో మెట్ల మీంచి పడిందని రాయించాడు. అక్కణ్ణించే పారిపోయి వచ్చింది. వాడు ఎత్తుకుని ఫొటో దిగిన బిడ్డ వాడి చెల్లెలి బిడ్డ అయ్యుంటుంది."

బెన్హర్ చూపు మళ్లీ చెప్పుల మీదికి వెళ్లింది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ధర్మేంద్ర అతని ఆఫీసుకి వచ్చాడు. ముప్పయి మూడేళ్లుంటాయి, తెల్ల చొక్కా, మెత్తని గొంతు. భుజం మీద నిద్రపోతున్న పసిబిడ్డ. కాన్పు తరవాత భార్యకి మతి చలించి ఇల్లు వదిలి వెళ్లిపోయిందన్నాడు. తన పోస్టుని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదనీ, మీలాంటి పేరున్న మనిషి ఒక్కమాట రాస్తే జనం నమ్ముతారనీ అన్నాడు. బిడ్డ నిద్రలో పెదవులు కదిపింది. బెన్హర్‌కి మనసు కరిగింది. వాకబు చేయడానికి డబ్బు తీసుకునే పని అయితే మూడు ఊళ్లు తిరిగేవాడు. ఇది ఊరికే చేసే మేలు. టీ చల్లారేలోగా రెండు నిమిషాల్లో టైపు చేసేశాడు.

ఆదివారం నాటికి ఆ పోస్టు పదకొండు వేల మంది షేర్ చేశారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని వందల మంది రాశారు. చర్చి నుంచి వస్తూ ఆటోలో కూర్చుని అతను ఆ దీవెనలన్నీ చదువుకున్నాడు. ఇంటికెళ్లాక మళ్లీ చదివాడు.

"పద," అంది సత్యవతి. "ఈ ఊళ్లో ఫేస్‌బుక్ అంటే జగన్నాధం మాస్టారే. ముందు ఆయన్ని అడుగుదాం."

తను ఒక్కడే వెళ్లొస్తానని అన్నాడు బెన్హర్. ఆమె వినలేదు.

*

జగన్నాధం మాస్టారు రిటైరై నాలుగేళ్లయింది. కళింగ తీర సహాయ బృందం అని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ నడుపుతాడు. ముందుగది గోడ నిండా రక్తం ఇచ్చే వాళ్ల పేర్లూ, గ్రూపులూ, ఫోన్ నంబర్లూ అంటించి ఉన్నాయి. మూలన, ఎక్కడెక్కడి వాళ్లో పంపిన దుప్పట్ల మూటలు, పాత పాఠ్యపుస్తకాల దొంతరలు. ఆ పేజీ పుణ్యాన బతికిన బాలింతలు ఈ చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు. అందరూ ఆయన్ని నిజంగానే గౌరవిస్తారు.

ఇవాళ ఆయన గడ్డం గీసుకోలేదు. వాళ్లని చూడగానే కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"మీరొస్తారని తెలుసండి. నేనే పోలీసుల దగ్గరికి వెళ్దామనుకున్నాను. కాళ్లు రాలేదు."

"మీరేనా ధర్మేంద్రకి చెప్పింది?" అంది సత్యవతి.

"నేనేనమ్మా."

బెన్హర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ప్రశ్న తన చేతిలో ఉంటే జవాబుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చనుకున్నాడు. "ఎప్పుడు చెప్పారు?"

"ఆదివారం సాయంత్రం ఆరుంపావుకి. పోస్టులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను."

"ఫొటో మొదట ఎప్పుడు చూశారు?"

"వారం కిందటే చూశానండి. ఆ అబ్బాయి సొంతంగా పెట్టినప్పుడు. చూడగానే మన కుట్టు టీచరే అని పోల్చుకున్నాను."

"నాలుగు రోజులు ఆగారు. ఎందుకు?"

"అనుమానం వచ్చి. ఆ పిల్ల ఈ ఊళ్లో ఎవరితోనూ మాట్లాడదు, రోడ్డు మీద కారాగితే గోడవారకి తప్పుకుంటుంది. ఇంట్లో ఏదో కష్టం పడి వచ్చిన మనిషిలా ఉంది, మనకెందుకులే అని ఊరుకున్నాను." మాస్టారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "తరవాత మీ పోస్టు చూశాను."

బెన్హర్ స్టూలు మీంచి లేవబోయాడు.

"ఎవరి పోస్టు?" అంది సత్యవతి.

"వీరిదేనమ్మా. బెన్హర్ గారిది. విచారించానని రాశారు కదా. పోలీసుల్లో చేసినవారు, విచారించే చెప్తారని నమ్మాను. నాకేటి తెలుసు, మతి చలించిన తల్లేమోనని... నేను ఒక పసిబిడ్డకి తల్లిని కలుపుతున్నాననుకున్నాను." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆదివారం రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదండి నాకు."

సత్యవతి బెన్హర్ వైపు తిరగలేదు. ఒళ్లో ఉన్న గొడుగు తీసుకుని, మెల్లిగా లేచి, అరుగు మీదికి వెళ్లింది. అతను వెనకే వెళ్లాడు. ఎండలో అరుగు రాళ్లు కాలుతున్నాయి.

"టీచరమ్మా, నేను చెబుదామనే..."

"లేదు," అంది ఆమె నెమ్మదిగా. "చెప్పాలనుకున్నవాడివి బీచిలోనే చెప్పేవాడివి. ఎవరు చెప్పుంటారని నన్నే అడిగావు. నా చేతే వెతికించావు."

"తీసేశాను ఆ పోస్టు."

"ఎప్పుడు?"

"పొద్దున్న. మీరు ఫోన్ చేశాక."

"అది ఆ పిల్ల కోసం తీశావా బెన్హరూ, నీ కోసం తీశావా?"

ఆమె గొడుగు విప్పుకుని మెట్లు దిగింది. స్కూలు వైపు వెళ్తున్న ఆమె వెనక వెళ్లే ధైర్యం అతనికి లేకపోయింది.

*

గురమ్మ ఇల్లు రేవుకి దగ్గర. రెండు గదుల్లో ఒకటి రాజకుమారికి అద్దెకిచ్చింది. ఇంటి ముందు తడికెల మీద నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. యాభయ్యేళ్ల మనిషి, వంగి వాటిని తిరగేస్తోంది. ఇసక అప్పటికే పెనంలా ఉంది. ఆమె కాళ్లకి చెప్పులు లేవు.

"ఏటి బాబూ, మళ్లీ పోలీసులా? సెప్పిందంతా సెప్పీసినాను."

"పోలీసుని కాదమ్మా. టీచరమ్మ పిలిస్తే వచ్చాను."

"అయితే ఆ గది సూసుకో. తాళం నేదు."

గదిలో చూడటానికి ఎక్కువ లేదు. కుట్టుమిషను, సగం కుట్టిన ఆడపిల్ల గౌను, గోడకి మేకు మీద ఒక చీర. తలుపు గొళ్లెం లోపలి వైపు వంగి ఉంది. బయటినుంచి తన్నిన తన్ను. కిటికీ వెనకవైపు తెరిచి ఉంది. దాని కింద వలలు దాచే పాక. కిటికీ చట్రం మీద విరిగిన చేతిగాజు ముక్క ఒకటి ఎర్రగా మెరుస్తోంది. తలుపు బద్దలవుతుండగా ఆమె ఇటు దూకిందన్నమాట.

బెన్హర్ బయటికి వచ్చి గురమ్మ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తనూ నాలుగు నెత్తళ్లు తిరగేశాడు.

"నీ చెప్పులేవమ్మా?"

గురమ్మ చేతులు ఆగలేదు. "తెగిపోనాయి."

"నిన్న రాత్రి పోటు రెండున్నరకి. నీరు దిగేసరికి నాలుగు దాటుతుంది. చెప్పులు పొడిగా ఉన్నాయి. పట్టీలో పొలుసుంది. నాలుగున్నరకి చేపల బుట్టలో చెప్పులు పట్టుకుని ఒడ్డుకి వెళ్లే మనిషి ఎవరమ్మా ఈ వీధిలో?"

ఆమె చేతులు ఆగాయి.

"సీఐ గారికి సెప్పినావేటి?"

"లేదు."

"సెప్పకు." గురమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆడు తలుపు తన్నినప్పుడు ఆ గుంట కిటికీ దూకి పాకలో వలల కింద దూరినాది. నాను బయట నిలబడి, ఎవలూ నేరు, ఊరెల్లిపోనాది అన్నాను. పొద్దున్న పోలీసుల్ని తెస్తానని ఎల్లిపోనాడు. రాత్తిరల్లా ఆ గుంట ఒణుకుతానే ఉన్నాది. సచ్చిపోతే తప్ప నన్ను ఒగ్గడు గురమ్మా అన్నాది. అయితే సచ్చిపోనావని అనుకోనీ అన్నాను నాను. ఆ సెప్పులు అక్కడ పెట్టిందీ నానే. నా సెప్పులు ఆ గుంటకి ఇచ్చీసినాను."

"ఎక్కడికి పంపావు?"

గురమ్మ నెత్తళ్ల వంక చూస్తూ అంది, "ఎవలో మంచోలంట. ఫోనులో పెట్టినారంట, బిడ్డా తల్లీ అని. ఆలెవలో తెలిస్తే..."

"నేనేనమ్మా," అన్నాడు బెన్హర్.

ఇందాకటి నుంచి నలుగురిలో దాచిన మాట. అది ఇంత సులువుగా నోట్లోంచి వస్తుందని అతను అనుకోలేదు. గురమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. చేపని చూసినట్టు చూసింది, చెడిందో లేదో అని.

"నాను సదూకోనేదు. నివ్వు సదూకున్నావు. అడగకుండా రాసీసినావేటి?"

"రాసేశాను."

ఆమె లోపలికి వెళ్లి ఒక గుడ్డసంచి తెచ్చింది. లోపల రెండు చీరలు, రాజకుమారి ఆపేసి వదిలిపెట్టిన సెల్‌ఫోను. "శ్రీముఖలింగం. గుడెనక మా సెల్లి కూతురు తాయారు ఉన్నాది. ఆ ఇంటికి ఫోను కూడా నేదు. సేపల ఆటోలో ఎక్కించినాను. ఇయి ఇచ్చి, బాగుందో నేదో సూసి రా. నివ్వు సేసిన పనికి నివ్వే ఎల్లాల. ఎవలికీ సెప్పకు. టీచరమ్మకి కూడా సెప్పకు."

"చెప్పను."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే," అన్నాడు బెన్హర్. అప్పుడు పదకొండూ యాభై.

*

అతను బస్సు దగ్గరికి చేరేలోపే కానిస్టేబులు ఎదురొచ్చాడు. సీఐ గారు స్కూలు దగ్గర ఉన్నారు, రమ్మంటున్నారు.

సీఐ గణపతిరావూ బెన్హరూ ఒకప్పుడు ఒకే స్టేషనులో చేశారు. అప్పుడు గణపతిరావు ఎస్సై. బెన్హర్ మూడు వారాలు వెంటపడి పట్టుకున్న ఇళ్ల దొంగని తను పట్టుకున్నట్టు రాసుకుని మెడ వంచి దండ వేయించుకున్నాడు. బెన్హర్ ఉద్యోగం మానేసింది ఆ తరవాతే. ఇద్దరూ ఎదురుపడిన ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడుకుంటారు.

స్కూలు వరండాలో బల్ల వేశారు. టీచర్లు, రేవు జనం, మొత్తం అరవై మంది దాకా చేరారు. ముందువరసలో జగన్నాధం మాస్టారు తల వంచుకుని కూర్చున్నాడు. సత్యవతి తలుపు దగ్గర నిలబడింది. గురమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని జనం చివర ఉంది.

"రండి డిటెక్టివ్ గారూ," అన్నాడు గణపతిరావు. "నా సీన్ దగ్గర మీకేం పని?"

"స్కూలు వారు పిలిచారు."

"దేనికి? ఒక ఆడపిల్ల సముద్రంలో పడిందని నలుగురూ చెప్తున్నారు. పడవలు పంపించాను. శవం ఇవాళో రేపో దొరుకుతుంది. మొగుడు నరసన్నపేటలో లాడ్జిలో కూర్చుని ఏడుస్తున్నాడు. మిగిలిందల్లా ఎవరి వల్ల పడిందన్నది." అతను ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. "పొద్దున్న మీరు మీ పేజీలోంచి ఒకటి తీసేశారు. నిన్న రాత్రి మొగుడు స్టేషనుకి వచ్చినప్పుడే మావాళ్లు ప్రింటు తీశారు. చదవమంటారా?"

"అక్కర్లేదు సార్."

"నాకక్కర." అతను నిలబడి, బడిలో పాఠం చదివినట్టు ఒక్కో మాటా విడదీసి చదివాడు. "ఇది నాకు స్వయంగా తెలిసిన కుటుంబం. అన్ని వివరాలూ నేను విచారించాను. ఈ పసిబిడ్డ కన్నీళ్లు చూసి నా గుండె తరుక్కుపోయింది. ఈ తల్లిని బిడ్డ దగ్గరికి చేర్చండి. దయచేసి షేర్ చేయండి. ఇట్లు, బెన్హర్, డిటెక్టివ్."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఈయనేనేటి, అని ఎవరో ఆడమనిషి అంది.

"ఎన్నాళ్లుగా తెలుసు ఈ కుటుంబం మీకు?"

బెన్హర్ చెవులు వేడెక్కాయి. "అరగంట."

"ఎవరెవర్ని విచారించారు?"

"ఎవర్నీ లేదు."

"బిడ్డ ఎవరి బిడ్డ?"

అతను తలుపు వైపు చూశాడు. సత్యవతి నేల వైపు చూస్తోంది. ఆమె తన మీద కోప్పడుతున్నా బాగుండేది. కన్నకొడుకు దొంగతనం చేసి దొరికినట్టు ఆమె సిగ్గుపడుతోంది.

"నాకు చాలామంది హంతకులు తెలుసు," అన్నాడు గణపతిరావు కాగితం మడుస్తూ. "కత్తి పట్టుకున్న వాళ్లు. టీ తాగుతూ సెల్‌ఫోను నొక్కి ఒక పిల్లని సముద్రంలోకి తోసినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను. చచ్చిపోయింది బెన్హర్ గారూ. మీ మంచితనం వల్ల చచ్చిపోయింది. మీ పేరు కూడా కేసులో రాస్తాను."

జగన్నాధం మాస్టారు రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. అరవై జతల కళ్లు బెన్హర్ మీదే ఉన్నాయి. ఆ చూపుల కింద నిలబడటం అతని వల్ల కాలేదు. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే బస్సు ఎక్కేవాడు. ఓర్చుకోలేకపోయాడు.

"ఆమె చావలేదు," అన్నాడు.

గణపతిరావు నవ్వాడు. "అలాగా."

"పోటు గీత చెప్పులకి పదడుగుల పైన ఉంది. చెప్పులు పొడిగా ఉన్నాయి. నాలుగు తరవాత పెట్టినవి. మీవాళ్లు ఆరింటి నుంచి అక్కడే కూర్చున్నారు, ఒక్కరూ తల తిప్పి వెనక్కి చూడలేదు. పట్టీలో ఎండుచేప పొలుసుంది. వేరే చెయ్యి పెట్టిన చెప్పులవి. గది కిటికీ వెనక వైపు దూకిన గుర్తులున్నాయి. మీరు ఆ గదిలోకి వెళ్లారా సార్?"

గణపతిరావు ముఖంలో నవ్వు పోయింది. అది చూడగానే బెన్హర్‌కి ఒళ్లంతా చల్లబడ్డట్టయింది. పొద్దుటి నుంచీ వంగిన వెన్ను నిటారుగా లేచింది.

"అంత తెలిస్తే, ఎక్కడుందో చెప్పండి," అన్నాడు సీఐ. "చెప్పలేకపోతే ఇదంతా మీ మీద కేసు తప్పించుకోడానికి కట్టిన కథ అని రాసుకుంటాను."

జనం చివర గురమ్మ తల అడ్డంగా ఊపింది. బెన్హర్ ఆమెని చూశాడు. చూసి కూడా అన్నాడు.

"శ్రీముఖలింగంలో ఉంది. గుడి వెనక, తాయారు అనే ఆమె ఇంట్లో. ప్రాణాలతో, క్షేమంగా."

ఒక్కసారిగా వరండా అంతా ఊపిరి పీల్చుకుంది. టీచర్లు ఒకరినొకరు పట్టుకున్నారు. సత్యవతి తలుపుకి ఆనుకుని కళ్లు మూసుకుంది, ఆమె పెదవులు కదులుతున్నాయి. మాస్టారు తలెత్తి, నిజమేనా అన్నట్టు చూశాడు. గురమ్మ మాత్రం బుట్ట మరో చంకకి మార్చుకుని, వెనక్కి తిరిగి, కాలే ఇసకలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

టైము పన్నెండూ యాభై రెండు. గణపతిరావు పక్కకి వెళ్లి శ్రీముఖలింగం వైపు స్టేషనుకి ఫోన్ చేశాడు. ఏం చేసినా అతను పోలీసే. ఆమెకి కాపలా పెట్టమనే చెప్పాడు. జీపు బందోబస్తు మీద బయటికి వెళ్లిందనీ, రాగానే పంపిస్తామనీ అటువైపు చెప్పారు.

బెన్హర్ సంచి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటి ఎనిమిది నిమిషాలు. వెనక నుంచి మాస్టారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నా మనిషి వెలిగిపోతున్నాడు.

"నా తప్పు దిద్దుకున్నాను బెన్హర్ గారూ," అంటూ ఫోన్ చూపించాడు.

'శుభవార్త. మన చెల్లెలు రాజకుమారి క్షేమం. శ్రీముఖలింగం గుడి వెనక తాయారు గారింట్లో తలదాచుకుంది. ఆమెకి భర్త వల్లే ప్రాణభయం ఉంది. మొన్న నేను పొరపాటు చేశాను, క్షమించండి. చుట్టుపక్కల ఊళ్లలో మనసున్న వాళ్లు వెంటనే వెళ్లి ఆమెకి అండగా నిలబడండి. దయచేసి షేర్ చేయండి.'

పెట్టింది పన్నెండూ యాభై ఎనిమిదికి. పది నిమిషాల్లో మూడొందల నలభై మంది షేర్ చేశారు.

"తీసెయ్యండి," అన్నాడు బెన్హర్.

"ఎందుకండీ? వందమంది వెళ్లి నిలబడితే వాడేం చెయ్యగలడు?"

బెన్హర్ ఫోన్ లాక్కుని కింద కామెంట్లు తిప్పాడు. దండాలు, పూలు, దీవెనలు. వాటి మధ్య, ఒంటిగంటా ఒక నిమిషానికి, తెల్ల చొక్కా బొమ్మ.

'మాస్టారూ, మీరు చేసిన మేలు ఈ జన్మలో మరువను. బయలుదేరాను.'

మాస్టారు అది చదివి అక్కడే గేటు పట్టుకుని కూలబడ్డాడు. బెన్హర్ వరండాలోకి పరిగెత్తి గణపతిరావు ముందు ఫోన్ పెట్టాడు. సీఐ ఒక్కసారి చదివాడు. జీపు తాళాలు తీసుకున్నాడు.

"నరసన్నపేట నుంచి అక్కడికి అరగంట," అన్నాడు జీపు కదిలాక.

"మనకి గంటన్నర," అన్నాడు బెన్హర్.

ఇద్దరూ ఆ తరవాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సీఐ రెండుసార్లు స్టేషనుకి ఫోన్ చేశాడు. వాళ్ల జీపు దారిలో ఉందన్నారు. పోస్టు తీసెయ్యమని మాస్టారుకి బెన్హర్ గట్టిగా చెప్పి వచ్చాడు గానీ, అప్పటికే చాలామంది దాన్ని కాపీ చేసి తమ పేజీల్లో పెట్టుకున్నారు. బెన్హర్ తన ఫోనులో వాటిలో ఒకదాన్ని తెరిచి పట్టుకున్నాడు. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు. ఒళ్లో గుడ్డసంచి ఉంది. దాన్ని ముట్టుకోడానికి కూడా అతనికి సిగ్గుగా ఉంది.

వాళ్లింకా నరసన్నపేట చేరలేదు. ఒంటిగంటా ముప్పయ్యారుకి కొత్త కామెంటు ఒకటి వచ్చింది. ఎవరో ఆడమనిషి, బొమ్మలో ఇద్దరు పిల్లలతో నవ్వుతోంది. ఊరు శ్రీముఖలింగం.

'అందరికీ నమస్కారం. నేను తాయారు గారి వీధిలోనే ఉంటాను. పోస్టు చూసి వెంటనే వెళ్లాను. ఎవరూ కంగారు పడకండి. ఆ అమ్మాయి వాళ్ల అన్నయ్య గారు ఇప్పుడే కారులో వచ్చారు, పాపం ఇల్లు తెలీక తిరుగుతుంటే నేనే తీసుకెళ్లి చూపించాను.'

రాజకుమారికి అన్నదమ్ములు లేరు.